బాలు నాది

ఆ ఏడాది వికారాబాద్ వాళ్లు తాండూరు వచ్చి ఫుట్‌బాల్ ఆడి, ఎన్ని గోల్స్ కొట్టారో చివరికి వాళ్లకే లెక్క తప్పింది. వాళ్ల కెప్టెన్ మర్యాదస్థుడు. ఆట అయ్యాక తాండూరు వాళ్ల చేతులు ఒక్కొక్కరివే పట్టుకుని, "అయిదో ఆరో, మనల మనకు లెక్కెందుకు తియ్యిండ్రి" అని సముదాయించి సాయంత్రం రైలుబండెక్కి వెళ్లిపోయాడు. ఆ మర్యాదే మొగులప్పను ఎక్కువ బాధపెట్టింది. వెక్కిరించి పోయినా అంత కుమిలేవాడు కాదు.

మొగులప్ప తాండూరు జట్టులో ఎడమ బ్యాక్, గోల్‌కు ఎడమవైపు కాపలా. వారమంతా ఊరి బయట గనిలో షాబాద్ బండలు తీసే పని. శనివారం సాయంత్రం పెద్దేముల్‌లో ఉన్న తల్లి సంతోషమ్మ దగ్గరికి పోయేవాడు. ఎడ్లబండి దొరికితే బండి, లేకపోతే నడక. ఆదివారం ప్రార్థన కాగానే ఆట కోసం మళ్లీ తాండూరు దారి పట్టేవాడు. బండలు మోసిన కాళ్లు కాబట్టి అతను తన్నిన బాలు సగం మైదానం దాటి పడేది. అందరిలాగే వట్టి కాళ్లతో ఆడేవాడు. జట్టులో బూట్లున్నది కుడి బ్యాక్ యాదగిరికి ఒక్కడికే.

యాదగిరిది కూడా పెద్దేముల్. హనుమంతు పటేలు కొడుకు. పటేలుకు ఊళ్లో సగం పొలం ఉంది, తాండూరు ధాన్యం బజారు గంజ్‌లో కందుల అడ్తి దుకాణం ఉంది. ఆ దుకాణంలో కూర్చునేది యాదగిరే. మనిషి చెడ్డవాడు కాదు. ఎప్పుడూ నవ్వు మొహం. జట్టుకు బాలు కొనిచ్చింది కూడా అతనే. కాకపోతే బాలు ఎటు పోతే అటు ఉరికేవాడు. పక్కన ఇంకొకడు ఉన్నాడేమోనని చూసే అలవాటు అతనికి చిన్నప్పటి నుంచీ లేదు.

తాండూరు మీద పడే గోల్స్ అన్నీ ఒకే తీరుగా పడేవి. అవతలి వాళ్లు బాలు ఎత్తి కొడతారు. అది వచ్చి ఇద్దరు బ్యాకుల నడుమ దిగుతుంది. కుడివైపు నుంచి యాదగిరి, ఎడమవైపు నుంచి మొగులప్ప ఉరికొస్తారు. ఒక్కోసారి ఇద్దరూ గుద్దుకుని కింద పడతారు. ఒక్కోసారి అతను తీసుకుంటాడని ఇతను, ఇతను తీసుకుంటాడని అతను ఆగిపోతారు. ఎట్లయినా బాలు మాత్రం అవతలి వాళ్ల కాలికే దొరుకుతుంది. వెనక నిలబడ్డ గోల్‌కీపర్ జంగప్ప కొడంగల్ అవతలి నుంచి వచ్చినవాడు. కోపం వస్తే తెలుగు మరిచిపోతాడు. గోల్ పడ్డ ప్రతిసారీ ఇద్దరినీ కన్నడంలో తిట్టి, బాలు తెచ్చుకోవడానికి వెనక్కి నడిచేవాడు.

జట్టులో ముందు ఆడే బిచ్చయ్య రైల్వే స్టేషన్‌లో కూలీ. ఓడిపోయిన మరుసటి వారం అతనొక కబురు తెచ్చాడు.

"పార్సిల్ ఆఫీసుకు కొత్త బాబు వచ్చిండు. బాల్‌రాజ్ సార్. లాలాగూడ దిక్కు రైల్వే టీంల బ్యాక్ ఆడిండట. మస్తు పేరున్న మనిషట. మాకు జర నేర్పిస్తవా సార్ అని అడిగిన. వస్తనన్నడు."

ఆదివారం మైదానానికి వచ్చిన మనిషిని చూసి అందరి ఆశా జారిపోయింది. బక్కపలచని మనిషి. ఎండలో కూడా మెడకు మఫ్లర్ చుట్టుకున్నాడు. స్టేషన్ నుంచి మైదానం దాకా నడిచినందుకే తుమ్మచెట్టు కింద పడి ఉన్న బండ మీద కూర్చుని కాసేపు ఊపిరి సర్దుకున్నాడు. తర్వాత ఏదో అన్నాడు. ఎవరికీ వినపడలేదు.

"దగ్గరికి రాండ్రి," అన్నాడు మళ్లీ. అందరూ వెళ్లి చుట్టూ కూర్చున్నారు. "అనంతగిరి గుట్ట మీది క్షయ దవాఖానల ఏడాది పైన ఉన్న. ఇప్పుడు నాకు ఒక్క దిక్కు ఊపిరే నడుస్తది. ఉరుకొద్దు, ఒర్లొద్దు, గొంతు లేపొద్దు అన్నడు డాక్టర్. ఒర్లితే మళ్ల గుట్ట ఎక్కుడే."

"ఒర్లని మనిషి ఆట ఎట్ల నేర్పుతడు సార్?" అన్నాడు జంగప్ప.

"గందుకే మీరు ఒర్లాలె," అని నవ్వాడు బాల్‌రాజ్. "ఇగ ఆడుండ్రి. సూస్త."

ఆ రోజు వాళ్లలో వాళ్లే రెండు భాగాలై ఆడారు. మొగులప్ప, యాదగిరి ఎప్పటిలాగే ఒకసారి గుద్దుకున్నారు, ఒకసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆట అయ్యాక బాల్‌రాజ్ ఇద్దరినీ పిలిచాడు.

"బాలు వచ్చేటప్పుడు మీరిద్దరు ఏం మాట్లాడుకుంటరు?"

"మాట్లాడుడేంది సార్? ఆడుతం," అన్నాడు యాదగిరి.

బాల్‌రాజ్ తల ఊపి స్టేషన్ దారి పట్టాడు.

తర్వాతి ఆదివారం మైదానం మధ్యలో అక్కడక్కడా చిన్న చిన్న రాళ్ల కుప్పలు పోయించాడు. ఒక బ్యాక్ కళ్లకు తువ్వాల కట్టాలి. రెండోవాడు దూరం నుంచి మాటతోనే అతన్ని రాళ్లు తగలకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి ఉరికించాలి. మొదట మొగులప్ప కళ్లకు కట్టారు.

"ఉరుకురా మొగులిగా! కుడికి! ఎడమకు! దుంకు! ఇగ ఉరుకు!" అని యాదగిరి కేకలు పెట్టాడు. మొగులప్ప ఒక్క రాయి తగలకుండా అవతలికి చేరాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

తువ్వాల యాదగిరి కళ్లకు మారింది. అతను ఉరకడం మొదలుపెట్టాడు.

"పటేలా," అన్నాడు మొగులప్ప, "జర గట్ల కుడి దిక్కు మర్లుండ్రి, ఎందుకంటే మీ ముంగట..."

ఆ మాట పూర్తయ్యేలోపల యాదగిరి రాళ్ల కుప్ప మీద బోర్లా పడి ఉన్నాడు. బూట్లు రెండూ ఆకాశం చూస్తున్నాయి. జట్టంతా పొట్ట పట్టుకుని నవ్వింది. యాదగిరి కూడా మోకాలు రుద్దుకుంటూ నవ్వాడు. మొగులప్ప మాత్రం బిక్కచచ్చిపోయి, పరుగున వెళ్లి అతన్ని లేపి, బట్టలకంటిన దుమ్ము దులిపాడు. బాల్‌రాజ్ ఆ దులపడం చూశాడు. మొగులప్పను పక్కకు పిలిచాడు.

"మాట ఎందుకు గంత పొడుగయ్యింది?"

"ఇంకెట్ల జెప్పాలె సార్. పటేలు కొడుకాయె."

"యాదగిరీ కుడికి, అంటే అయిపోతది గద."

మొగులప్ప నేల చూశాడు. "పేరువెట్టి ఎన్నడు పిలువలే సార్. మా నాయిన సచ్చేదాంక వాళ్లింట్ల జీతమున్నడు. మా అమ్మ వాళ్ల చేన్లనే కలుపు తీస్తది. నా నోట్లకెంచి గా పేరు రాదు."

బాల్‌రాజ్ మఫ్లర్ కొసలు సర్దుకున్నాడు.

"సరె, పేరొద్దు. ఒక్క మాట అను సాలు. నాది. బాలు నీకు దగ్గరున్నదనుకో, నాది అను. గాయన పక్కకు జరుగుతడు. గాయనకు దగ్గరుంటే గాయన అంటడు, నువ్వు జరుగు. దాంట్ల మీరు లేదు, నువ్వు లేదు, పటేలు లేదు. ఏం కష్టం?"

కష్టం ఏమీ లేనట్టే కనిపించింది. మొగులప్ప సరేనన్నాడు. కానీ గనిలో బండ కింద గునపం పెట్టి లేపుతూ ఆ మాట తనలో తాను అనుకుని చూస్తే ఎక్కడో అడ్డు తగిలింది. నాయిన ఆ మాట అనగా తను ఎప్పుడైనా విన్నాడా? గుడిసె ఉన్న జాగా పటేలుది. నాయిన తోలిన ఎడ్లు పటేలువి. కప్పుకున్న గొంగడి కూడా పటేలు ఇచ్చిందే. నాయిన నోటి వెంట ఎప్పుడూ 'మాది', 'మనది', 'తమది' వచ్చేవే కానీ, పటేలు ఇంటి వాళ్ల ముందు 'నాది' వచ్చిన గుర్తు లేదు.

శనివారం ఇంటికి పోయినప్పుడు తల్లికి ఈ సంగతి చెప్పాడు. సంతోషమ్మ జొన్నరొట్టె కొడుతున్న చేయి ఆపింది.

"చిన్న పటేలు ముంగట నిలవడి నాది అంటవా?"

"బాలు గురించే అమ్మా. ఆటల."

"గా బాలు ఎవలు కొన్నరు?"

మొగులప్ప పొయ్యిలో కట్టెను లోపలికి తోశాడు. "చిన్న పటేలే."

"మరి?" అని సంతోషమ్మ మళ్లీ రొట్టె కొట్టసాగింది.

మైదానంలో ఆ మాట అందరికీ తెగ నచ్చింది. జంగప్ప గోల్ ముందు నిలబడి కన్నడంలో "నందు, నందు" అని అరిచేవాడు. యాదగిరి అయితే తనకు దగ్గర ఉన్న బాలుకూ "నాది" అనేవాడు, అవతలి గట్టున ఉన్న బాలుకూ "నాది" అనేవాడు. మొగులప్ప ఒక్కడే పెదాలు కదిపేవాడు కానీ గొంతు బయటికి వచ్చేది కాదు. బాల్‌రాజ్ తను కూర్చునే చోటు వారం వారం వెనక్కి జరుపుకుంటూ పోయాడు. మొగులప్ప మాట తనకు వినపడితే చేయి ఎత్తుతానన్నాడు. చాలా ఆదివారాలు ఆ చేయి ఒళ్లోనే ఉండిపోయింది.

ఒక సాయంత్రం ఆట అయ్యాక అందరూ వెళ్లిపోయారు. యాదగిరి కూర్చుని బూట్ల తాళ్లు విప్పుకుంటూ అడిగాడు.

"ఏం రా, నా మీద ఏమన్న కోపమున్నదా? నువ్వు నాది అనవు. నేను ఉరికొస్త. మళ్ల గుద్దుకుంటం. నా పక్కబొక్కలు ఇరుగుతున్నయి."

"కోపమేంది పటేలా."

"మరేంది?"

చెప్పకుండా తప్పించుకుందామనుకున్నాడు మొగులప్ప. కానీ యాదగిరి కదిలేలా లేడు. తల్లి రొట్టె కొడుతూ అడిగిన మాట చెప్పాడు. యాదగిరి పెద్దగా నవ్వబోయి, సగంలో ఆగిపోయాడు. విప్పిన బూటు చేతిలోనే పట్టుకుని కాసేపు చూశాడు.

"నీకొకటి చెప్తే ఎవలికి జెప్పకు," అన్నాడు చివరికి. "దుకాణంల కూసునేది నేనేనా? ఒక కందుల బస్తా చూయించి, నాయినా ఇది నాది, నాకు నచ్చిన ధరకు అమ్ముత అన్ననా అనుకో, మా నాయిన తక్కెడ తీసుకొని కొడుతడు. నేను గూడ ఇంట్ల గా మాట ఎన్నడనలే. గందుకే ఈడ ఊకె అంటున్ననేమో."

మొగులప్పకు నవ్వు వచ్చింది. ఆపుకుందామనుకున్నాడు, ఆగలేదు. యాదగిరి కూడా నవ్వాడు. తర్వాత లేచి ఒక కాలికి బూటు, ఒక కాలు వట్టిది, అట్లాగే బాలు తీసి మొగులప్ప ఎదురురొమ్ముకు గురిచూసి కొట్టాడు.

"అను."

"నాది."

"ఇనబడలే."

"నాది."

"మా నాయినకు ఇనబడాలె రా. గంజ్ దాంక."

"నాది!"

తుమ్మచెట్టు మీది కొంగలు లేచిపోయాయి. స్టేషన్ వైపు నడుస్తున్న బాల్‌రాజ్ వెనక్కి తిరగలేదు కానీ, నడుస్తూనే ఒక చేయి పైకెత్తాడు.

చలికాలంలో వికారాబాద్ వాళ్లు రమ్మని కబురు పంపారు. జట్టంతా పొద్దున బండెక్కింది. బాల్‌రాజ్ కిటికీ పక్కన కూర్చుని, వికారాబాద్ దగ్గర పడుతుండగా దూరాన అనంతగిరి గుట్టలు కనిపిస్తే, "గా పచ్చగ కనబడే దిక్కే నా మంచం," అని చూపించాడు. అది తలుచుకున్నందుకు దిగులు పడినట్టు లేదు. చుట్టాలిల్లు చూపించినట్టు చూపించాడు.

వికారాబాద్ మైదానం చుట్టూ జనం బాగా ఉన్నారు. రైల్వే వాళ్లు, మిషన్ దవాఖాన నర్సులు, బజారు దుకాణాల వాళ్లు. ఆట మొదలుపెట్టబోతూ మొగులప్ప గట్టు వైపు చూశాడు. కుర్చీలో తెల్ల రుమాలు చుట్టుకుని హనుమంతు పటేలు కూర్చుని ఉన్నాడు.

"మా నాయిన," అన్నాడు యాదగిరి కొంచెం భయంగా. "అక్క ఇంటికొచ్చిండట. బావ పట్కొచ్చిండు."

మొగులప్ప ఇంకోసారి గట్టు వైపు చూసి తన చోటికి పోయాడు.

మొదటి సగంలో వికారాబాద్ వాళ్లు తాండూరును గోల్ దగ్గరి నుంచి కదలనివ్వలేదు. వాళ్ల ఫార్వర్డ్ ఒకడు తాటిచెట్టంత పొడుగు. బాలు ఎత్తి కొట్టారు. అది నడుమకు దిగుతోంది. మొగులప్పకే దగ్గర. నోరు తెరిచాడు, మాట రాలేదు. యాదగిరి ఉరికొచ్చాడు. ఇద్దరూ గుద్దుకుని పడ్డారు. పొడుగువాడు తాపీగా వచ్చి తన్నాడు. బాలు గోల్ కట్టెకు తగిలి తిరిగి వచ్చింది. జంగప్ప దాని మీద పడి, పిల్లను కరుచుకున్నట్టు కరుచుకుని చాలాసేపు లేవలేదు. కట్టె పుణ్యమా అని గోల్ కాలేదు. గట్టు మీది నుంచి "తాండూరు మళ్ల గదే ఆట" అని ఎవరో నవ్వారు.

సగం ఆటకు విశ్రాంతి ఇచ్చారు. అందరూ బాల్‌రాజ్ చుట్టూ కూర్చున్నారు. ఆయన ఫార్వర్డులకు ఏవో నాలుగు మాటలు చెప్పి, మొగులప్ప వైపు వంగాడు. మిగతావాళ్లకు వినపడకుండా అన్నాడు.

"గట్టు మీద కూసున్న పెద్దమనిషికి ఈ ఆట తెలుస్తదా?"

"తెల్వదు సార్. ఇదే మొదలు సూసుడు."

"నీకు తెలుసు గద. ఆయన చేన్ల ఏ మడికి నీళ్లు పెట్టాల్నో ఆయన చెప్తడు, వినాలె. ఈడ ఏ బాలు ఎవలిదో నువ్వు చెప్పాలె. నా ఊపిరి సాలితే నేనే ఒర్లుదును. సాలదు. పో."

మొగులప్ప నీళ్లు తాగి లేచాడు. పోతూ పోతూ గట్టు వైపు చూడకుండా పోయాడు.

ఆట మొదలైన కాసేపటికే బాలు మళ్లీ నడుమకు వచ్చింది. ఈసారి అతను ఆలోచించే లోపలే మాట బయట పడింది. "నాది!" యాదగిరి ఉరికొస్తున్నవాడు టక్కున పక్కకు జరిగాడు. మొగులప్ప వట్టి కాలితో తన్నిన బాలు సగం మైదానం దాటి బిచ్చయ్య ముందు పడింది. బిచ్చయ్య అలాంటి బాలు ఎప్పుడూ చూసి ఎరుగడు కాబట్టి కంగారుపడి పోగొట్టుకున్నాడు. పర్వాలేదు. ఇంకొకటి వచ్చింది. "నాది!" అన్నాడు యాదగిరి. మొగులప్ప జరిగాడు. మరొకటి. "నాది!" ఆ తర్వాత ఎవరిది ఎవరిదో వాళ్లకు తెలిసిపోతూనే ఉంది. పొడుగువాడు ఇద్దరి నడుమా అటూ ఇటూ తిరిగి తిరిగి అలిసిపోయాడు. అరుస్తుంటే ఆ రోజే కొత్తగా ఆడుతున్నట్టు ఉందని మొగులప్పకు అనిపించింది. బండలు లేపేటప్పుడు కూడా అంత బలం తన ఒంట్లో ఉన్నట్టు తెలియలేదు.

ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా వికారాబాద్ వాళ్లు చివరి ప్రయత్నంగా బాలును గోల్ ముందుకే కొట్టారు. యాదగిరి గాలిలోకి చూస్తూ వెనక్కి ఉరుకుతున్నాడు. జంగప్ప "నందు" అంటూ ముందుకు వస్తున్నాడు. కానీ జనం కేకల్లో యాదగిరికి అది వినపడలేదు. ఇంకో క్షణంలో ఇద్దరూ గుద్దుకుంటారు. బాలు జారి గోల్‌లో పడుతుంది. అదంతా ఒక్క మొగులప్పకే కనిపిస్తోంది. నాది అందామంటే బాలు అతనిది కాదు.

"యాదగిరీ, ఇడువు! జంగప్పది!"

యాదగిరి కిందికి వంగిపోయాడు. జంగప్ప అతని నెత్తి మీది నుంచి చేతులు చాపి బాలును రెండు అరచేతులా పట్టుకున్నాడు. కేక ఎంత గట్టిగా వచ్చిందంటే, గట్టు మీది జనమంతా మొగులప్ప వైపు తిరిగారు. తర్వాత ఆట ముగిసిందని సీటీ ఊదారు.

రెండువైపులా ఒక్క గోల్ కూడా కాలేదు. కానీ తాండూరు వాళ్లు గెలిచినట్టే ఎగిరారు. జంగప్పను భుజాల మీదికి ఎత్తుకున్నారు. వికారాబాద్ కెప్టెన్ వచ్చి, "ఈసారి లెక్క మర్చిపోను. సున్న," అని నవ్వుతూ బాల్‌రాజ్ చేయి పట్టుకున్నాడు. బాల్‌రాజ్ కూడా నవ్వి ఆ చేయి ఊపాడు.

హనుమంతు పటేలు కుర్చీ నుంచి లేచి కొడుకు దగ్గరికి వచ్చాడు. మొగులప్ప యాదగిరి వెనక నిలబడిపోయాడు. ఇప్పుడు తప్పించుకుని పోతే తప్పు చేసినట్టు ఉంటుందని పోలేదు.

"గెలిచినమా?" అని అడిగాడు పటేలు.

"లేదు నాయినా," అన్నాడు యాదగిరి.

"ఓడినమా?"

"లేదు."

"మరి గీ ఎగురుడేంది?"

"గోల్ తినలేదు నాయినా. ఎన్నడు తినకుంట లేం. ఆఖరికి మొగులప్ప పిలువకపోతే ఇయ్యాల గూడ తిందుము."

మొగులిగా అనకుండా మొగులప్ప అనడం మొగులప్ప విన్నాడు. పటేలు కూడా విన్నాడనుకోవాలి. ఆయన కొడుకు మొహం, ఆ వెనక ఉన్న మొహం మార్చి మార్చి చూశాడు. అల్లుడిని పిలిచి, "పిలగాండ్లు ఆకలి మీదున్నరు. మిర్చీలు తెప్పియ్యి," అని చెప్పి వెళ్లిపోయాడు. స్టేషన్ బయట బండి వచ్చేదాకా జట్టంతా మిర్చీలు తింటూ, నోరు మండి నీళ్లు తాగుతూ, మళ్లీ తింటూ కూర్చున్నారు.

ఆ శనివారం మొగులప్ప ఇంటికి పోయేసరికి కబురు అతని కంటే ముందే చేరింది.

"చిన్న పటేలును పేరువెట్టి పిలిచినవట," అంది సంతోషమ్మ.

"ఎవలు చెప్పిండ్రు?"

"చిన్న పటేలు వాళ్లమ్మ, ఈశ్వరమ్మ దొరసాని. పటేలు ఇంటికొచ్చి చెప్పిండట."

"ఏమన్నడట?"

"ఏమనలేదట. ఎన్నడు లేంది రెండు రొట్టెలు ఎక్కువ తిన్నడట." సంతోషమ్మ కొడుకు మొహంలోకి చూసింది. ఆమెకు భయం పూర్తిగా పోలేదు. అయినా పెదాల కొసన నవ్వు దాగడం లేదు. "మళ్ల ఆట ఎన్నడు?"

"వచ్చే ఆదివారం. షాబాద్ నుంచి వస్తున్నరు. తాండూర్లనే."

"నేను గూడ వస్త. నువ్వు గంత గట్టిగ ఒర్లంగ నేను ఎన్నడినలే."

అన్నట్టే వచ్చింది. గని ఆడవాళ్లతో కలిసి తుమ్మచెట్టు నీడన కూర్చుంది. బాల్‌రాజ్ తన బండ మీద సగం ఆమెకు ఇచ్చాడు. ఆ రోజు షాబాద్ వాళ్లు ఎంత కొట్టినా ఆ ఇద్దరు బ్యాకుల మధ్య దారి దొరకలేదు. ఇక గోల్ సంగతి అంటారా, ఆట చివర్లో ఎవరో తన్నిన బాలు బిచ్చయ్య వీపుకు తగిలి, తిరిగి తిరిగి షాబాద్ గోల్‌లో పడింది. కావాలనే వీపు అడ్డం పెట్టానని బిచ్చయ్య ప్లాట్‌ఫారం మీద దిగే ప్రతి మనిషికీ ఆ నెలంతా చెప్పాడు. ఎవరూ కాదనలేదు.